రోడ్డెక్కకుండా రావలెను

మనిషి చక్రాన్ని ఎప్పుడు కనిపెట్టాడో పండితులు ఇంకా తేల్చుకోలేదు గానీ, ఆ చక్రాన్ని కాస్త పెద్దది చేసుకోవాలంటే ఎవరి సంతకం కావాలో వాహన మార్పుల ఆమోద శాఖ ఏనాడో తేల్చేసింది. చక్రం దొర్లడం ప్రకృతి. దొర్లవచ్చునని ఒకరు రాసివ్వడం నాగరికత. ఈ రెండింటికీ మధ్య ఉన్న దూరాన్ని సొంత బండిలో వెళ్లి చూసొచ్చిన కొద్దిమందిలో లిఫ్టాయన ఒకడు.

లిఫ్టాయన అంటే లిఫ్టులు బాగుచేసే మనిషి. అసలు పేరు ఒకటి ఉంది గానీ అది కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా వాడుకలో లేదు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఆయన బతుకంతా పైకీ కిందికీ. పక్కకు వెళ్లే సౌకర్యం ఆ వృత్తిలో లేదు (పక్కకు వెళ్లిన లిఫ్టు సంగతి మర్నాడు పేపర్లో వస్తుంది). భార్య ఇంట్లోనే కర్టెన్లు కుట్టి దుకాణాలకు ఇస్తుంది. ఒకప్పుడు వాటిని తనే వ్యానులో వేసుకుని, తనే నడుపుకుంటూ ఊరంతా తిరిగి ఇచ్చొచ్చేది. మోకాలు మొరాయించాక వ్యాను అమ్మేశారు. కూర్చుంటే ఏమీ లేదు, ఎక్కమంటేనే ఆ మోకాలికి కోపం.

ఊరి చివర ఒక కొండ ఉంది. పెళ్లయిన కొత్తలో ఇద్దరూ దాన్ని సగం ఎక్కారు. వాన వచ్చింది. మళ్లీ వద్దాంలే అనుకుని దిగారు. ఆ "మళ్లీ" కాస్తా పిల్లల చదువుల కింద, ఆర్డర్ల కింద, చెడిపోయిన లిఫ్టుల కింద నలిగి నలిగి, చివరికి మోకాలి దగ్గర పూర్తిగా ఆగిపోయింది. ఒక సాయంత్రం మేడ మీద తడి గుడ్డలు ఆరేస్తూ ఆవిడ కొండ వైపు చూసి, "దాని వెనకాల ఏముంటుందో ఏమో" అంది. అడగడం కాదు, నిష్ఠూరమూ కాదు. గుడ్డ దులిపి తీగ మీద వేసి, ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ ఆనించుకుంటూ కిందికి దిగిపోయింది.

లిఫ్టాయన మేడ మీదే ఉండిపోయాడు. ఊళ్లో ముక్కూ మొహం తెలియని వాళ్లందర్నీ పైకి చేరవేసే మనిషి తను. చీకటి పడేదాకా ఆయన ఆ కొండనే చూశాడు. దానికి లిఫ్టు పెట్టడం కుదరదని నిర్ధారించుకున్నాక బావమరిదికి ఫోన్ చేశాడు.

బావమరిది సెల్‌ఫోన్ల దుకాణంలో పనిచేస్తాడు. నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందే బండ్ల గురించి అతనికి తెలియనిది లేదు, ఎందుకంటే అతను అలాంటి బండి ఎన్నడూ ఎక్కలేదు. "దిగబడనివారి సంఘం" అనే ఫోన్ గ్రూపులో అతను పాత సభ్యుడు. ఆ సంఘం కట్టుబాట్లు కఠినమైనవి. మట్టి అంటని బండి ఫొటో పెట్టినవాడికి వారం పాటు నోరు విప్పే హక్కు ఉండదు. ఇంజన్‌లోకి నీళ్లు పోకుండా పైకి గాలి గొట్టం బిగించుకోనివాడు టైర్ల మీద అభిప్రాయం చెప్పకూడదు. (సంఘం అధ్యక్షుడికి డ్రైవింగ్ రాదు. అది ఆయన నిష్పాక్షికతకు గ్యారంటీ అని సభ్యులు భావిస్తారు.)

"పాతది కొను బావా" అన్నాడు బావమరిది. "కొత్త బండంటే ఎవరో ఆలోచించేసిన బండి. పాత బండైతే మనమే ఆలోచించుకోవచ్చు."

ఆలోచించుకోవడానికి కావలసినంత చోటున్న బండి త్వరలోనే దొరికింది. ఊరవతల ఒక పశువుల డాక్టరు పెరట్లో, రేకుల పందిరి కింద పాత జీపు ఉంది. అందులో కోళ్లు కాపురముంటున్నాయి. బేరం కుదిరాక కూడా, ముందు సీట్లో ఒక పెట్ట పొదుగుతోందనీ అది లేచేదాకా బండి కదపడానికి వీల్లేదనీ డాక్టరు గడువడిగాడు. లిఫ్టాయన వారం వారం వెళ్లి, తన బండిని, దాని మీద కూర్చున్న పెట్టను చూసి వచ్చేవాడు. ఇంట్లో మాత్రం కొండ మాట ఎత్తలేదు. పాత ఇనుము మీద సరదా పుట్టిందన్నాడు. ఆవిడ దారం పంటితో కొరికి, "సరే, కొత్త ఇనుము మీద పుట్టనందుకు సంతోషం" అంది.

బండి మేస్త్రి షెడ్డుకు చేరింది. ఈ మేస్త్రిని అందరూ రేపు మేస్త్రి అంటారు. ఆయన రేపు అంటే అబద్ధమాడినట్టు కాదు. ఉత్తరం, దక్షిణం లాగా రేపు అనేది ఆయనకు ఒక దిక్కు. పనులన్నీ అటు వైపే నడుస్తుంటాయి. అయినా చేయి మంచిదని పేరు.

బడ్జెట్ అనేది ఇంట్లో చెప్పిన అంకె కాబట్టి దాన్ని మార్చడానికి లేదు, మార్చగలిగింది బండినే. ముందు బంపరు కోసం కూలగొట్టిన ఇంటి గేటు ఒకటి తెచ్చి కోసి వెల్డింగ్ చేశారు. దాని మీద "కుక్క ఉంది జాగ్రత్త" అనే రేకు బిగించి ఉంది. అది పీకితే వెల్డింగ్ కదులుతుందని మేస్త్రి ఉంచేశాడు. సీట్లు మూతబడ్డ సినిమా హాలువి, మడత పడేవి. గాలి గొట్టం బాత్రూము పైపు. టైర్లు ఏదో రిటైరైన లారీవి. అవి పట్టడానికి బండిని ఎత్తు చేయాల్సి వచ్చింది. బండి ఎత్తు పెంచడాన్ని ఆ లోకంలో లిఫ్ట్ అంటారని తెలిసిన రోజు లిఫ్టాయన ముఖం చూడాలి. చిన్నప్పుడు తప్పిపోయిన తమ్ముణ్ణి సంతలో చూసినట్టుంది.

బురదలో దిగబడితే చెట్టుకు తాడు కట్టి బండిని లాక్కోవడానికి ముందు భాగంలో ఒక మోటారు ఉండాలి. కొత్తదాని ధర విని బావమరిది కూడా మోటారు లేకపోయినా ఫరవాలేదన్నాడు. లిఫ్టాయన తన గోడౌన్ వెతికాడు. కరెంటు పోయినప్పుడు లిఫ్టును దగ్గరి అంతస్తుకు చేర్చే బ్యాటరీ మోటారు ఒకటి, పనికిరాదని పక్కన పెట్టింది, అక్కడుంది. నాలుగు కప్పీలు, ఇనుప తాడు చేర్చి బిగించాడు. ఒకటే చిక్కు. ఆ మోటారుతో పాటు లిఫ్టులో మాట్లాడే ఆడగొంతు కూడా వచ్చింది. ఆ రెండింటి వైర్లూ ఒకటే. విడదీస్తే మోటారు అలిగేది. మీట నొక్కితే తాడు చుట్టుకుంటూ, "పైకి వెళ్తోంది" అని బండి మర్యాదగా చెప్పేది. మేస్త్రి ఆ రోజు మొదటిసారి పని ఆపి చూశాడు. రేపు చేయాల్సిన మిగతా పని అప్పుడే చేసేశాడు కూడా.

అంతా అయ్యాక ఆమోదం కోసం లిఫ్టాయన శాఖ కార్యాలయానికి బస్సులో వెళ్లాడు. అక్కడ ఎత్తులకు ఒక అధికారి, వెడల్పులకు ఒక అధికారి ఉంటారు. వెడల్పుల పోస్టు చాలాకాలంగా ఖాళీ. ఎత్తుల అధికారి ఉన్నాడు గానీ, శాఖ వారి కొలబద్దను, అది సరిగ్గా ఉందో లేదో చూడటానికి, రాజధానికి పంపారు. అది తిరిగి రాలేదు. అంతవరకు అధికారి భుజం ఎంత ఎత్తుంటే అంతే ప్రమాణమని ఉత్తర్వు వచ్చింది. బండి కప్పు భుజం దాటకూడదు. (ఇంతకుముందున్న అధికారి పొట్టివాడు కావడంతో ఆయన హయాంలో మామూలు కార్లు కూడా కొన్ని దోషులుగా తేలాయి. ఈయన పొడగరి. ఈయన బదిలీ అయ్యేలోపు పని చేయించుకోవాలని జనం ఆత్రపడుతుంటారు.)

లిఫ్టాయన దరఖాస్తు నింపాడు. "ఎత్తు పెంచడానికి కారణం" అన్నచోట, మనసులో ఉన్నది రాయడానికి సిగ్గుపడి, "రోడ్డు లేని చోటికి వెళ్లుటకు" అని రాశాడు. అధికారి అది చదివి, బండిని తెచ్చి చూపించమన్నాడు. లిఫ్టాయన రేపే తెస్తానన్నాడు. ఆమోదం లేని మార్పులతో బండి రోడ్డెక్కితే స్వాధీనం చేసుకుంటామని అధికారి గుర్తుచేశాడు. అయితే చూడకుండానే ఆమోదిస్తారా అని లిఫ్టాయన అడిగాడు. అది నిబంధనలకు విరుద్ధమని అధికారి చెప్పాడు. లారీ మీద ఎక్కించి తెస్తే, అప్పుడది వాహనం కాదు, సరుకు; సరుకులు వేరే శాఖ.

"మరి ఎలా తేవాలి సార్?"

అధికారి దరఖాస్తును ఆయన వైపు తిప్పి, రాసిన చోట వేలు పెట్టాడు. ఆ ముఖంలో వెటకారం మచ్చుకైనా లేదు.

"రోడ్డు లేని చోటికి వెళ్లే బండి అని మీరే రాశారు. మా ఆఫీసు వెనకాల రోడ్డు లేదు. అటు నుంచి రండి."

రసీదు మీద ఎర్ర సిరాతో "రోడ్డెక్కకుండా రావలెను" అని రాసిచ్చాడు.

ఇంటికొచ్చి లిఫ్టాయన అన్నం ముందు కూర్చుని, రసీదు పళ్లెం పక్కన పెట్టి, జరిగింది చెప్పాడు. ఆవిడ రసీదు తీసుకుని చదివింది. ఆఫీసు వెనకభాగం కొండ పక్కన మైదానం కదా, మేస్త్రి షెడ్డు వెనక నుంచి పొలాల గట్ల మీదుగా అటు వెళ్లొచ్చు కదా అంది. తనూ వస్తానంది. మోకాలి సంగతి ఆయన గుర్తుచేస్తే, "కూర్చుని రావడమేగా" అంది. ఆయన తాళాల కోసం లేచాడు. మొదటిసారి కొండకే తీసుకెళ్లాలనుకున్నాడు, ఆఫీసుకు కాదు.

బయల్దేరారు. బీడు పొలాలు దాటారు. మధ్యలో ఒక రోడ్డు అడ్డొచ్చింది. దాని కింద తూము ఉంది. తలలు వంచుకుని అందులోంచి దూరి అవతల తేలారు, రోడ్డును తాకకుండానే. లిఫ్టాయన నడుపుతుంటే బండి ఎగిరెగిరి పడుతోంది. సినిమా హాలు సీట్లు ప్రతి గుంటకూ మడత పడి మనుషుల్ని లేపుతున్నాయి. బావమరిది ఫోన్లో సలహాలిస్తున్నాడు, సిగ్నల్ పోయేదాకా. పోయాక ప్రయాణం కొంత సాఫీగా సాగింది.

ఆఫీసు వెనక ప్రహరీ కనబడేసరికి, దానికీ తమకూ మధ్య ఒక పెద్ద బురద మడుగు కనిపించింది. అందులో తమలాంటి బండ్లే వరసగా దిగబడి ఉన్నాయి. రోడ్డెక్కకుండా రమ్మనిపించుకున్న వాళ్లందరూ వచ్చారు, వచ్చి ఉన్నారు. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు వేసుకున్న అటెండరు ఒకడు బురదలో తిరుగుతూ టోకెన్లు ఇస్తున్నాడు. గట్టు మీద టీ కొట్టు వెలిసింది. ఒక బండి అద్దం ముందు షేవింగు జరుగుతోంది. ఇంకో బండికి కింద నుంచి తీగ పాకి బానెట్ మీద పువ్వు పూసింది; దాని యజమాని క్రితం వానాకాలంలో వచ్చాడట, ఇప్పుడు కొత్తవాళ్లకు దరఖాస్తులు నింపిపెడుతున్నాడు. మనిషి సంతృప్తిగా ఉన్నాడు.

టోకెన్ తీసుకుని లిఫ్టాయన బండిని బురదలోకి దించాడు. కొంత దూరం పోయింది. తర్వాత చక్రాలు తిరగడం, బండి కుంగడం రెండూ కలిసి మొదలయ్యాయి. ఆయన ఇంకా గట్టిగా తొక్కాడు. ఇంకా కుంగింది.  కిందికి దిగి ఇనుప తాడు లాక్కెళ్లి అవతలి గట్టు మీద చెట్టుకు కట్టి వచ్చి, ప్యాంటంతా బురదతో సీట్లో కూర్చుని, మీట నొక్కాడు.

తాడు బిగిసింది. బండి మూలిగింది. ఆడగొంతు అంది: "బరువు ఎక్కువైంది. దయచేసి ఒకరు బయటికి రండి."

చుట్టూ ఉన్న బండ్లలో జనం తొంగి చూశారు. లిఫ్టాయన మళ్లీ నొక్కాడు. అదే మాట, అంతే మర్యాదగా.

"దిగండి" అంది భార్య.

"నేనా?"

"నేను దిగితే ఎక్కలేను. దిగండి, నేను చూసుకుంటాను."

ఆయన దిగాడు. ఆవిడ స్టీరింగు ముందుకు జరిగి, చెప్పులు విప్పి వెనక పడేసి, పెడల్ మీద వట్టి పాదం ఆనించింది. మందపాటి కర్టెను మడత సూది కిందికి వచ్చినప్పుడు మిషను మీద పాదం ఎలా పెడుతుందో, అలా. చక్రాలు గింగిరాలు తిరగడం మానేసి, ఆలోచించుకుంటున్నట్టు నెమ్మదిగా కదిలాయి. తాడు చుట్టుకుంది. "పైకి వెళ్తోంది" అంది బండి. నిజంగానే వెళ్లింది. అవతలి గట్టు ఎక్కి నిలబడ్డాక ఆవిడ హారన్ కొట్టింది, భర్త రావచ్చునని. టోకెన్లు ఇచ్చే అటెండరు అంతవరకు ఎవరూ ఆ గట్టు చేరకపోవడంతో తర్వాత ఏం చేయాలో తెలియక లోపలికి పరిగెత్తాడు.

ఎత్తుల అధికారి వెనక వరండాలోకి వచ్చాడు. బండి పక్కన నిటారుగా నిలబడ్డాడు. కప్పు ఆయన భుజానికి ఒక అంగుళం పైన ఉంది. ఆయన ఊపిరి లోపలికి పీల్చి ఛాతీ పైకెత్తాడు, సరిపోయింది. లిఫ్టాయనకు కళ్లనీళ్ల పర్యంతమైంది. ఒక అధికారి తన కోసం ఊపిరి బిగబట్టడం ఆయన ఎన్నడూ చూడలేదు. బంపరు మీది రేకు చదివి, "కుక్క ఎక్కడ?" అని అడిగాడు అధికారి. లేదన్నారు. "కుక్క హాజరు కాలేదు" అని రాసుకున్నాడు. ఎత్తు వరకు ఆమోదిస్తూ సంతకం పెట్టి, వెడల్పు మాత్రం వెడల్పుల అధికారి చూడాలనీ, ఆ పోస్టు భర్తీ అయ్యాక కబురు చేస్తామనీ చెప్పాడు.

"అందాకా బండి ఎక్కడ ఉంచుకోమంటారు?" అని ఆవిడ అడిగింది.

"మీ ఇష్టం అమ్మా. రోడ్డు మీద తప్ప ఎక్కడైనా."

ఆవిడ తల ఊపింది. లిఫ్టాయన స్టీరింగు వైపు రాబోతే, పక్క సీటు చూపించింది. బండి తిప్పింది. మడుగు వైపు కాదు, షెడ్డు వైపు కాదు.

"ఎక్కడికి?" అన్నాడాయన.

"రోడ్డు మీద తప్ప ఎక్కడైనా అన్నాడుగా" అంది.

కొండ మీదికి దారి లేదు. రాళ్లు, పొదలు, ఎండిన వాగు. బండి ఏటవాలుగా ఎక్కుతుంటే సీట్లు మడత పడటం మానేశాయి. వాలిపోయి కూర్చున్న మనుషుల్ని గట్టిగా పట్టుకున్నాయి. ఒకచోట ఆవిడ ఆపి, చుట్టూ చూసి, వాన మొదలైంది ఇక్కడే కదా అంది. ఆయన అవునన్నాడు. ఇక్కడ కాదని ఆయనకు అనుమానం ఉంది గానీ చెప్పలేదు. మళ్లీ గేరు వేసింది. చివరి ఎత్తు దగ్గర తాడు కూడా అవసరం కాలేదు.

పైన గాలి జోరుగా ఉంది. ఆయన చేయి ఆసరా ఇచ్చి దింపాడు. ఇద్దరూ అంచు దాకా నడిచారు.

కొండ వెనకాల ఇంకో ఊరుంది. ఇళ్లు, మేడలు, మేడల మీద ఆరేసిన గుడ్డలు. చాలా దూరంలో, బొటనవేలంత కనిపించే ఒక మనిషి మేడ మీద నిలబడి ఇటు వైపే చూస్తున్నట్టుంది. ఆవిడ చేయి ఊపింది. అటు నుంచి ఊపారో లేదో తెలియలేదు.

"అంతేనా అనిపించిందా?" అని అడిగాడాయన, భయపడుతూ.

"ఊహూఁ. వాళ్లకు మనం ఉన్నామని తెలియదు పాపం" అంది. బండి వైపు తిరిగి, "ఇనుము మీద సరదా అన్నారు" అంది.  ఆవిడ ఆయన భుజం మీది బురద గోటితో గీకి తీసింది. పొద్దు వాలేదాకా అక్కడే ఉన్నారు.

వెడల్పుల అధికారి రాలేదు. బదులుగా నోటీసు వచ్చింది. కార్యాలయం వెనకనున్న స్థలంలో వాహనాల రాకపోకలు విశేషంగా పెరిగినట్టు శాఖ గమనించిందట. ప్రజల సౌకర్యార్థం దాన్ని రోడ్డుగా గుర్తించిందట. ఆ గుర్తింపు, అక్కడ మొట్టమొదటి వాహనం అడుగుపెట్టిన రోజు నుంచే అమల్లోకి వచ్చినట్టు భావించాలట. కావున, ఆమోదం లేని మార్పులతో ఆ రోడ్డు ఎక్కినందుకు బండిని స్వాధీనం చేసుకుంటున్నామనీ, మడుగులో ఉన్న మిగతా బండ్లను ఇప్పటికే రోడ్డు మీద అక్రమంగా నిలిపినవిగా నమోదు చేశామనీ అందులో ఉంది.

భార్యాభర్తలిద్దరూ బస్సులో వెళ్లారు. ఎత్తుల అధికారి కుర్చీలు వేయించాడు. బండిని శాఖ వారే వచ్చి తీసుకెళ్తారని, అయితే దాన్ని రోడ్డెక్కించకుండా ఎలా తీసుకెళ్లాలో ఇంకా తేలలేదని, అంతవరకు బండి ఉన్నచోటే స్వాధీనంలో ఉన్నట్టు లెక్క అని వివరించాడు. ఆవిడ ఓపిగ్గా విన్నది. కిటికీలోంచి వెనక్కి చూసింది. మడుగులో ఆ తీగ రెండో బండి మీదికి పాకుతోంది.

"దాన్ని రోడ్డన్నారు, బాగానే ఉంది. మరి తారు ఎప్పుడు వేస్తారు?" అని అడిగింది.

అధికారి ఆవిడ వంక నిజంగానే అర్థం కానట్టు చూశాడు.

"రోడ్డని గుర్తించామమ్మా" అన్నాడు. "వేస్తామని ఎవరన్నారు?"